తొలి ప్రోగ్రామింగ్ భాషలు: పుట్టుక, వంశక్రమం

ఈ పాఠం చదివిన తరువాత మీరు యంత్ర భాషకూ ఉన్నత స్థాయి భాషకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు. ఫోర్ట్రాన్, కోబాల్, లిస్ప్, ఆల్గాల్, బేసిక్, సి భాషలు దేనికోసం పుట్టాయో, దేని నుంచి ఏది వచ్చిందో చెప్పగలుగుతారు. ఒకే లెక్కను వేర్వేరు భాషలలో ఎలా రాస్తారో పోల్చి చూడగలుగుతారు. ఈ పాఠానికి ముందస్తుగా ప్రోగ్రామింగ్ తెలిసి ఉండనవసరం లేదు. కూడికలు, హెచ్చవేతలు తెలిస్తే చాలు.

1. పరిచయం

పూర్వపు కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని వంగర పి.వి. నరసింహారావు పెరిగిన ఊరు. 1957 నుంచి 1977 వరకు మంథని నియోజకవర్గానికి ఆయన శాసనసభ్యుడు. ఆ కాలంలోనే ముఖ్యమంత్రి, తరువాత కేంద్రమంత్రి, 1991లో ప్రధానమంత్రి అయ్యారు. ఇవన్నీ మీకు తెలిసినవే. అంతగా ప్రచారం కాని సంగతి మరొకటి ఉంది. 1980ల నడిమిలో, అరవై దాటిన వయసులో, ఆయన కంప్యూటర్ నేర్చుకోవడానికి కూర్చున్నారు. మీట నొక్కి ఉత్తరాలు టైపు చేసుకోవడంతో ఆగలేదు. కోబాల్, బేసిక్ భాషలలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారని, ఆ పైన యూనిక్స్ మీద కూడా పనిచేశారని ఆయన జీవిత చరిత్ర రాసిన వినయ్ సీతాపతి పేర్కొన్నారు.

ఆయన అప్పటికే అనేక భాషలు తెలిసిన మనిషి. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను హిందీలోకి, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను తెలుగులోకి అనువదించారు. అటువంటి వ్యక్తికి కంప్యూటర్ భాషలు పూర్తిగా కొత్త లోకం అనిపించి ఉండకపోవచ్చు. ఎందుకంటే ప్రోగ్రామింగ్ భాషల చరిత్ర అంతా ఒక విధంగా అనువాద చరిత్రే. మనిషి రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే అంకెలలోకి ఎవరు మార్చాలి? మనిషే మార్చుకోవాలా, యంత్రమే మార్చుకోవాలా? ఈ పాఠం మొత్తం ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ఆయన నేర్చుకున్న మూడు పేర్లనూ గుర్తుంచుకోండి: కోబాల్, బేసిక్, యూనిక్స్. మొదటి రెండూ భాషలు. మూడవది భాష కాదు, నిర్వహణ వ్యవస్థ. కానీ దాని కడుపులో సి అనే భాష ఉంది. ఈ మూడూ మూడు వేర్వేరు కుటుంబాలకు చెందినవి.

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులు చాలామంది "మాకు ఇంగ్లీషు అంతగా రాదు, ప్రోగ్రామింగ్ మాకెలా వస్తుంది?" అని అడుగుతుంటారు. దీనికి ధైర్యవచనాలతో జవాబు చెప్పడం సులువే. కానీ ఈ భాషలు ఎలా పుట్టాయో తెలుసుకుంటే జవాబు మీకే దొరుకుతుంది.

2. అంకెలే ఆజ్ఞలు: యంత్ర భాష

మగ్గం దగ్గర నుంచి మొదలుపెడదాం. సిరిసిల్ల ప్రాంతపు నేత కుటుంబాలలో జకార్డు అనే మాట వినని వారు అరుదు. అది ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మేరీ జకార్డు పేరు. 1804 ప్రాంతంలో ఆయన రూపొందించిన మగ్గంలో చిల్లులు పొడిచిన అట్టముక్కలు వరుసగా కుట్టి ఉంటాయి. చిల్లు ఉన్నచోట ఒక పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు మారిస్తే బట్ట మీద పువ్వు మారుతుంది, మగ్గం మాత్రం అదే. యంత్రం ఒకటి, దానికిచ్చే ఆజ్ఞల వరుస వేరొకటి అనే ఆలోచన ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తన విశ్లేషణ యంత్రానికి ఈ అట్టలనే వాడాలనుకున్నాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు. కాని 1843లో ఎడా లవ్‌లేస్ దానిపై రాసిన వివరణలలో బెర్నూలీ సంఖ్యలను ఎలా గణించాలో మెట్టుమెట్టుగా పట్టిక వేసి చూపింది.

ఇక ఎలక్ట్రానిక్ యుగానికి వద్దాం. 1945 చివరికి సిద్ధమైన ఎనియాక్ యంత్రానికి లెక్క అప్పజెప్పడమంటే తీగలు ఒకచోటి నుంచి పీకి మరొకచోట గుచ్చడం, మీటలు తిప్పడం. ఒక లెక్క నుంచి మరొక లెక్కకు మారడానికి రోజులు పట్టేది. ఆజ్ఞలను కూడా సమాచారంలాగే యంత్రపు జ్ఞాపకంలోనే దాచే పద్ధతి 1948లో మాంచెస్టర్‌లో, 1949లో కేంబ్రిడ్జ్‌లో పనిచేసి చూపాక ఈ తీగల బాధ పోయింది. దాని స్థానంలో అంకెల బాధ వచ్చింది.

ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకుందాం. పాఠం చివరిదాకా ఇదే వాడతాం. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో ఒక గని కార్మికుడు నెలలో చేసిన మస్టర్లను రోజు రేటుతో హెచ్చిస్తే ఆ నెల కూలి వస్తుంది. ఊహా యంత్రం ఒకటి ఉందనుకోండి. దాని జ్ఞాపకంలో 20వ గదిలో మస్టర్ల సంఖ్య, 21వ గదిలో రేటు ఉన్నాయి. ఫలితం 22వ గదిలో పెట్టాలి. ఆ యంత్రానికి 01 అంటే తెచ్చు, 05 అంటే హెచ్చించు, 02 అంటే దాచు. అప్పుడు ప్రోగ్రాము ఇలా ఉంటుంది:

01 20
05 21
02 22

మూడు వరుసలే కాబట్టి సులభంగా కనిపిస్తోంది. ఇవే మూడు వేలు ఉంటే? పైగా నడుమ ఒక ఆజ్ఞ మరచిపోయి తరువాత చేర్చవలసి వస్తే దాని కిందివన్నీ ఒక్కొక్క గది జరగాలి. ఫలానా గదికి వెళ్ళు అని రాసిన ప్రతిచోటా అంకె దిద్దాలి. ఒక్కటి దిద్దకపోతే జీతం తప్పు. ఆ తప్పు ఎక్కడుందో వెతకడం ఆనాటి ప్రోగ్రామర్ల ఆయుష్షును ఎక్కువగా తిన్న పని.

మొదటి ఉపశమనం అసెంబ్లీ భాష. కేంబ్రిడ్జ్‌లోని ఎడ్‌సాక్ యంత్రం మీద డేవిడ్ వీలర్ 31 ఆదేశాల చిన్న ప్రోగ్రాము రాశాడు. కూడు అనడానికి ఒక అక్షరం, తీసివేయి అనడానికి మరొక అక్షరం పెట్టి మనిషి రాస్తే, ఆ ప్రోగ్రామే వాటిని యంత్ర సంకేతాలుగా మార్చి జ్ఞాపకంలో ఎక్కించేది. చూడటానికి చిన్న విషయం. కానీ అనువాదం పని మొదటిసారి యంత్రం మీద పడింది ఇటువంటి చోటే.

అయినా అసెంబ్లీ భాషలో పెద్ద చిక్కు మిగిలిపోయింది. ఏ యంత్రానికి రాసింది ఆ యంత్రానికే పనికివస్తుంది. 1950ల నాటి ఐ.బి.ఎం. 704 యంత్రంలో ఒక పదం 36 బిట్లు. హైదరాబాదులో 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో తయారుచేసిన టి.డి.సి-12 యంత్రంలో ఒక పదం 12 బిట్లు. ఒకదానికి రాసిన ఆజ్ఞలు రెండవదానికి అర్థరహితమైన అంకెల గుంపు మాత్రమే. యంత్రం మారిస్తే రాసినదంతా తిరిగి రాయవలసిందే.

3. అనువాదకుడు, దుబాసి

అమెరికాలో గ్రేస్ హాపర్ అనే గణిత శాస్త్రజ్ఞురాలు నౌకాదళంలో పనిచేస్తూ కంప్యూటర్లలోకి వచ్చింది. తరచు వాడే లెక్కల ముక్కలను టేపు మీద దాచి, పిలిచినప్పుడు యంత్రమే వాటిని ఏరి ఒక ప్రోగ్రాముగా కూర్చేలా 1952లో ఆమె ఎ-0 అనేదాన్ని తయారుచేసింది. దానికి కంపైలర్ అని పేరు పెట్టింది. కంపైల్ చేయడమంటే ఏరి కూర్చడం. ఈనాటి అర్థంలో అది పూర్తి కంపైలర్ కాదు, కాని పేరు నిలిచిపోయింది. అదే ఏడాది మాంచెస్టర్‌లో అలిక్ గ్లెనీ ఆటోకోడ్ అనే చిన్న భాషకు అనువాదకం రాశాడు. వీరందరికంటే ముందే, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, జర్మనీలో కొన్రాడ్ జూజ్ ప్లాంకాల్‌క్యూల్ అనే భాషను కాగితం మీద రూపొందించాడు. అది పూర్తిగా అచ్చయింది 1972లో. అప్పటికి దానికి వారసులు పుట్టే కాలం దాటిపోయింది. వంశవృక్షంలో అది ఒంటరి కొమ్మ.

కంపైలర్, ఇంటర్‌ప్రెటర్ అనే రెండు మాటలను విద్యార్థులు తరచు కలిపేస్తారు. కంపైలర్ నవల మొత్తాన్ని కూర్చుని వేరొక భాషలోకి మార్చి పుస్తకంగా ఇచ్చే అనువాదకుడు. పని అయ్యాక అతడు పక్కన ఉండనవసరం లేదు. ఇంటర్‌ప్రెటర్ దుబాసి. మీరొక వాక్యం అంటే అతడొక వాక్యం చెబుతాడు. అతడు లేచి వెళ్ళిపోతే మాట ఆగిపోతుంది. ఫోర్ట్రాన్, కోబాల్, సి భాషలకు సాధారణంగా అనువాదకులు ఉంటారు. లిస్ప్ మొదట దుబాసితోనే నడిచింది.

హాపర్ చెప్పిన ఒక అనుభవం తెలుగు మాధ్యమ విద్యార్థి తప్పక తెలుసుకోవలసినది. లెక్కల చిహ్నాలంటే బెదిరే వ్యాపార గుమస్తాల కోసం మామూలు ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రాము రాసే పద్ధతిని ఆమె 1950ల నడిమిలో తయారుచేసింది. తరువాత దానికే ఫ్లో-మాటిక్ అని పేరు వచ్చింది. దాన్ని యాజమాన్యానికి చూపేటప్పుడు ఒక ప్రోగ్రామును ఇంగ్లీషు మాటలతో నడిపి, తరువాత అదే ప్రోగ్రామును ఫ్రెంచి మాటలతో, జర్మన్ మాటలతో నడిపింది. పై అధికారులు సంతోషిస్తారనుకుంటే అదిరిపడ్డారు. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి, జర్మన్ ఎలా వస్తాయని వాళ్ళ అనుమానం. ఇకపై ఇంగ్లీషులోనే పనిచేస్తామని వాళ్ళకు మాట ఇవ్వవలసి వచ్చిందట.

నిజానికి ఆ యంత్రానికి ఇంగ్లీషు కూడా రాదు. ఒక అక్షరాల గుంపు కనిపిస్తే ఫలానా పని చేయాలని అనువాదక ప్రోగ్రాములో రాసి ఉంటుంది, అంతే. ఆ గుంపు ఏ భాషదైనా దానికి ఒకటే. ప్రోగ్రామింగ్ భాషలలో ఇంగ్లీషు మాటలు ఉండటం యంత్రం కోరినది కాదు, ఆ గదిలో కూర్చున్న మనుషులు కోరినది.

4. ఫోర్ట్రాన్: లెక్కల వారి భాష

1953 చివరలో జాన్ బాకస్ అనే యువకుడు ఐ.బి.ఎం. సంస్థలో తన పై అధికారికి ఒక ప్రతిపాదన పెట్టాడు. కంప్యూటర్ కేంద్రాల ఖర్చులో పెద్ద వాటా యంత్రానిది కాదు, ప్రోగ్రాములు రాసి తప్పులు దిద్దే మనుషులది. కాబట్టి గణిత సూత్రాన్ని దాదాపు పుస్తకంలో ఉన్నట్టే రాస్తే యంత్రమే అనువదించుకోవాలి అన్నది అతని వాదన. ఆరు నెలలలో అవుతుందనుకున్న పనికి మూడేళ్ళకు పైగా పట్టింది. 1957 ఏప్రిల్‌లో ఐ.బి.ఎం. 704 యంత్రానికి ఫోర్ట్రాన్ కంపైలర్ బయటికి వచ్చింది. సూత్రాల అనువాదం అనే అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు మాటలను కుదించి పెట్టిన పేరు అది.

మన కూలి లెక్క ఫోర్ట్రాన్‌లో ఈ రూపంలో ఉంటుంది:

కూలి = మస్టర్లు * రేటు

(అసలు ప్రోగ్రాములో పేర్లు ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో ఉంటాయి. ఈ పాఠంలో రూపం తెలియడానికి తెలుగులో రాస్తున్నాం.) ఇక్కడ ఏ గది సంఖ్యా లేదు. ఏ గదిలో ఏది పెట్టాలో కంపైలర్ చూసుకుంటుంది. బడి లెక్కల పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

అప్పటి నిపుణులు దీన్ని వెంటనే నమ్మలేదు. యంత్రం అనువదించిన ప్రోగ్రాము, చేయి తిరిగిన మనిషి రాసినదానిలా వేగంగా నడవదని వాళ్ళ అభిప్రాయం. అప్పుడు యంత్ర సమయం చాలా ఖరీదు కాబట్టి అది న్యాయమైన అనుమానమే. అందుకే బాకస్ బృందం శ్రమలో అధిక భాగం భాష మీద కాక, వేగంగా నడిచే అనువాదం ఎలా ఇవ్వాలనే దాని మీద వెచ్చించింది. ఫోర్ట్రాన్ గెలిచింది అందంతో కాదు, వేగంతో. భాషల చరిత్ర రాసేవారు ఈ మాటను తరచు మరచిపోతారని నా అభిప్రాయం.

ఫోర్ట్రాన్ ఒంటి మీద ఆనాటి పంచ్ కార్డు గుర్తులు మిగిలాయి. కార్డుకు 80 నిలువు వరుసలు. మొదటి 5 వరుసలలో వాక్యపు సంఖ్య, 6వ వరుసలో పై వాక్యానికి కొనసాగింపు గుర్తు, 7 నుంచి 72 వరకు అసలు వాక్యం రాయాలి. ఒక్క గడి పక్కకు జరిగితే కార్డు తిరిగివచ్చేది. మన దేశంలో 1963లో కాన్పూర్ ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 యంత్రం వచ్చింది. దానితో పాటు ఫోర్ట్రాన్ ఇంజనీరింగ్ విద్యార్థుల పాఠాలలోకి వచ్చింది.

5. కోబాల్: జీతాల చిట్టా భాష

శాస్త్రవేత్తలకు ఫోర్ట్రాన్ దొరికింది. మరి జీతాలు, సరుకు నిల్వలు, బిల్లులు లెక్కించే వారి సంగతి? 1959 మే 28, 29 తేదీలలో అమెరికా రక్షణ శాఖ పిలుపు మీద పెంటగాన్‌లో సుమారు నలభై మంది సమావేశమయ్యారు. ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క భాష కాకుండా, అన్ని యంత్రాల మీదా నడిచే ఒకే వ్యాపార భాష కావాలని నిర్ణయించారు. అలా వచ్చిందే కోబాల్. కొద్ది నెలల కోసం వేసిన తాత్కాలిక సంఘం తయారుచేసిన ముసాయిదా శాశ్వతమైపోయింది. అందులో ఎక్కువ అంశ హాపర్ ఫ్లో-మాటిక్ నుంచి వచ్చింది. ఐ.బి.ఎం. వారి కామ్‌ట్రాన్ నుంచి కొంత చేరింది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును ఆర్.సి.ఎ. 501 మీద, యూనివాక్ 2 మీద నడిపి చూపించారు. రెండవ విభాగంలో చెప్పిన యంత్రం మారితే అంతా తిరిగి రాయడమనే చిక్కు గుర్తుందా? దానికి బహిరంగంగా చూపిన సమాధానం ఇది.

మన ఉదాహరణ కోబాల్‌లో ఇంచుమించు ఇలా ఉంటుంది:

మల్టిప్లై మస్టర్లు బై రేటు గివింగ్ కూలి.

చివర చుక్కతో సహా ఇది వాక్యమే. ఫోర్ట్రాన్‌లో రెండు చిహ్నాలతో పోయేదానికి ఇక్కడ మూడు మాటలు కావాలి. పండితులు చాలాకాలం కోబాల్‌ను వెక్కిరించారు. కానీ సమాచారాన్ని ముందుగా వర్ణించే విభాగం ఒకటి, పని చెప్పే విభాగం మరొకటి వేరువేరుగా పెట్టడం కోబాల్ చేసిన మంచి పని. జీతాల రిజిస్టరులో ఒక్కొక్క గడి ఎన్ని అంకెలు పట్టాలో, పైసలు ఎక్కడ మొదలవుతాయో అది ముందే స్పష్టంగా చెప్పిస్తుంది. జీతం లెక్కలో పైసా తేడా వస్తే ఏమవుతుందో గుమస్తాగా పనిచేసిన వారినెవరినైనా అడగండి.

ఈ గడుల పొదుపే మరొక కథకు దారితీసింది. 80 వరుసల కార్డులో చోటు మిగలడానికి సంవత్సరాన్ని నాలుగు అంకెలలో కాక చివరి రెండు అంకెలలోనే రాసేవారు. 1959 అంటే 59. ఆ అలవాటు కార్డులు పోయాక కూడా పోలేదు. 2000 దగ్గరపడగానే 00 అంటే 1900 అనుకునే ప్రమాదం వచ్చింది. బ్యాంకులలో, బీమా సంస్థలలో పేరుకుపోయిన కోబాల్ ప్రోగ్రాములను వెతికి సరిచేయడానికి 1990ల చివరలో పెద్ద ఎత్తున మనుషులు కావలసివచ్చారు. హైదరాబాదులో అమీర్‌పేట శిక్షణ కేంద్రాల బాట పట్టి, కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కిన తెలుగు యువకులలో మన జిల్లాల వారూ ఉన్నారు. 1959 నాటి సమావేశపు ఫలితం నలభై ఏళ్ళకు మన ఇళ్ళదాకా వచ్చింది.

6. లిస్ప్, బాసర

ఇప్పుడు ఆదిలాబాద్ వైపు వెళదాం. 1958లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషను మొదలుపెట్టాడు. అతనికి కావలసినది సంఖ్యలు కాదు, ఆలోచనలు. మనిషి తర్కాన్ని యంత్రంతో చేయించాలంటే మాటల జాబితాలను, జాబితాలలోని జాబితాలను తిప్పగలగాలి. అలోంజో చర్చ్ అనే తార్కికుడు 1930లలో ప్రతిపాదించిన లాంబ్డా కలనం నుంచి కొంత గుర్తింపు పద్ధతి తీసుకుని, మెకార్తీ 1960లో తన భాషను ఒక వ్యాసంగా ప్రచురించాడు. అందులో లిస్ప్ వాక్యాల విలువ కట్టే సూత్రాన్ని లిస్ప్‌లోనే రాసి చూపాడు. అది కాగితం మీది సిద్ధాంతమని అతని ఉద్దేశం. అతని సహచరుడు స్టీవ్ రస్సెల్ మాత్రం దాన్ని చూసి, దీన్ని యంత్ర భాషలో పెట్టవచ్చు కదా అని చేతితో ఐ.బి.ఎం. 704 ఆజ్ఞలుగా మార్చాడు. దానితో లిస్ప్‌కు దుబాసి దొరికింది. మెకార్తీ సైతం ఆశ్చర్యపోయాడు.

మన లెక్క లిస్ప్‌లో ఇలా ఉంటుంది:

(టైమ్స్ మస్టర్లు రేటు)

పని పేరు ముందు, తరువాత వస్తువులు, చుట్టూ కుండలీకరణాలు. ప్రోగ్రామే ఒక జాబితా. కాబట్టి ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును జాబితాగా చదవగలదు, మార్చగలదు. ఈ గుణం వల్లనే కృత్రిమ మేధ పరిశోధకులు దశాబ్దాల పాటు లిస్ప్‌ను వదలలేదు.

మెకార్తీ 1962లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడ ఆయన దగ్గర పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందిన విద్యార్థి దబ్బల రాజగోపాల్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, పల్లె బడిలో తెలుగులో చదువు మొదలుపెట్టిన వారు. లోకం ఆయనను రాజ్ రెడ్డిగా ఎరుగును. భారీ కృత్రిమ మేధ వ్యవస్థల రూపకల్పనలో చేసిన కృషికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి 1994 ట్యూరింగ్ పురస్కారం పొందారు. ఆ పురస్కారం పొందిన తొలి ఆసియా సంతతి వ్యక్తి ఆయనే. 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆయనే తొలి ఛాన్సలర్. మొదట్లో దానికున్న మూడు ప్రాంగణాలలో ఒకటి అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి నిర్మల్ జిల్లాలోని బాసరలో ఉంది. గోదావరి ఒడ్డున సరస్వతి ఆలయంలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే ఊరు. లిస్ప్ సృష్టికర్త శిష్యుడు బాసరలోని విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ అయ్యారన్నమాట. భాషలకు వంశం ఉన్నట్టే గురువులకూ ఉంటుంది.

7. ఆల్గాల్ సంతతి

ఐరోపా, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి ఏ కంపెనీకీ చెందని ఒక భాష కావాలని 1958లో జ్యూరిక్‌లో సమావేశమయ్యారు. అక్కడ పెద్ద తగవు దేని మీద వచ్చిందో తెలుసా? దశాంశ స్థానాన్ని అమెరికావారు చుక్కతో, ఐరోపావారు కామాతో రాస్తారు. ఎవరూ తగ్గలేదు. చివరకు భాషకు మూడు స్థాయిలు పెట్టారు. అసలు భావాన్ని చెప్పే రూపం ఒకటి, అచ్చులో వాడే రూపం ఒకటి, ఆయా యంత్రాలలో వాడే రూపం ఒకటి. చుక్క పెట్టినా కామా పెట్టినా భాష ఒకటే. హాపర్ ఫ్రెంచి ప్రోగ్రాముతో చూపింది కూడా ఇదే. ఆల్గాల్ 68 అనే తరువాతి రూపానికి రష్యన్ మాటలతో కూడిన ప్రతి కూడా వచ్చింది.

1960 జనవరిలో పారిస్‌లో 13 మంది కూర్చుని ఆల్గాల్ 60ని ఖరారు చేశారు. ఆ 13 మందిలో ఫోర్ట్రాన్ బాకస్ ఉన్నాడు, లిస్ప్ మెకార్తీ ఉన్నాడు. తనను తానే పిలుచుకునే ప్రక్రియల ఆలోచన, షరతును విలువగా వాడుకునే పద్ధతి లిస్ప్ వైపు నుంచి ఇందులోకి వచ్చాయి. వంశవృక్షం అని మనం మాటవరసకు అంటాం గానీ, ఇది కొమ్మలు విడివిడిగా పోయే చెట్టు కాదు. మేనరికాలు కలిసిన బంధువర్గం. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పాలంటే రెండు మూడు వరసలు కలుస్తాయి.

ఆల్గాల్ ఇచ్చిన మరొక కానుక వ్యాకరణాన్ని రాసే పద్ధతి. బాకస్ ప్రతిపాదించి, పీటర్ నౌర్ మెరుగుపరచిన ఆ పద్ధతిలో సంఖ్య అంటే ఏమిటో ఇలా చెప్పవచ్చు:

అంకె ::= 0 | 1 | 2 | 3 | 4 | 5 | 6 | 7 | 8 | 9
సంఖ్య ::= అంకె | సంఖ్య అంకె

నిలువు గీతను 'లేదా' అని చదవండి. సంఖ్య అంటే ఒక అంకె, లేదా ఒక సంఖ్య పక్కన మరొక అంకె. రెండే వరుసలతో ఎంత పొడవైన సంఖ్యనైనా వర్ణించాం. 1967లో ఇంగర్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, ఇటువంటి సూత్ర పద్ధతిని పాణిని ఏనాడో వాడాడు కనుక అతని పేరు కూడా దీనికి చేర్చాలని ఒక లేఖ రాశాడు. పోలిక నిజమే. అయితే కొందరు అనేటట్టు కంప్యూటర్ భాషలు సంస్కృతం నుంచి పుట్టాయనడం సరికాదు. బాకస్ పాణినిని చదివి ఈ పద్ధతి కనిపెట్టలేదు. పోలిక వేరు, వంశం వేరు. పరీక్షలో ఈ రెండింటినీ కలపవద్దు.

ఆల్గాల్ 60ని పారిశ్రామికంగా వాడినవారు తక్కువ. సంతానం మాత్రం అపారం. కేంబ్రిడ్జ్, లండన్ విశ్వవిద్యాలయాలవారు 1963 ప్రాంతంలో దాన్ని పెంచి సి.పి.ఎల్. అనే బరువైన భాష తలపెట్టారు. అది మోయలేనిదైంది. 1967లో మార్టిన్ రిచర్డ్స్ దాన్ని బాగా కుదించి బి.సి.పి.ఎల్. చేశాడు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ దాన్ని ఇంకా కుదించి బి అన్నాడు. డెనిస్ రిచీ బి-కి సమాచార రకాలు చేర్చి 1972 నాటికి సి చేశాడు. 1969లో మొదలైన యూనిక్స్‌ను 1973లో సి భాషలో తిరిగి రాశారు. అంతవరకు నిర్వహణ వ్యవస్థ అంటే అసెంబ్లీలోనే రాయాలన్నది సాధారణ నమ్మకం. సి-లో రాశాక యూనిక్స్ ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి మారగలిగింది.

8. బేసిక్

డార్ట్‌మత్ కళాశాల ఆచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ సాహిత్యం, చరిత్ర చదివే విద్యార్థులకు కూడా కంప్యూటర్ అందాలనుకున్నారు. ఫోర్ట్రాన్ నుంచి కొంత, ఆల్గాల్ నుంచి కొంత తీసుకుని చేసిన భాష 1964 మే 1 తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదటిసారి నడిచింది. ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడే ఏర్పాటు కూడా వారే చేశారు. మొదట్లో పేర్లకు ఒక అక్షరం, కావాలంటే దాని వెంట ఒక అంకె మాత్రమే అనుమతి:

10 లెట్ కె = ఎం * ఆర్

మొదటి రూపంలో నేర్చుకోవలసిన ఆదేశాలు పదిహేను లోపే. 1970లలో చిన్న కంప్యూటర్లు రాగానే వాటిలో చాలావాటిలో బేసిక్ చేరింది. అరవై దాటిన నరసింహారావు దాకా ఆ భాష చేరిందంటే కెమెనీ, కర్ట్జ్ అనుకున్నది జరిగినట్టే.

9. క్రియ ఎక్కడ ఉండాలి?

ఇప్పటిదాకా చూసిన వాక్యాలను మరొకసారి గమనించండి. కోబాల్, లిస్ప్ వాక్యాలలో పని చెప్పే మాట ముందుంది. ఫోర్ట్రాన్, బేసిక్‌లలో గుణకారపు గుర్తు నడుమ ఉంది. తెలుగులో మనం ఎలా అంటాం? "మస్టర్లను రేటుతో హెచ్చించి, బోనస్ కలుపు" అంటాం. వస్తువులు ముందు, క్రియ చివర. ఈ వాక్యంలోంచి విభక్తులు తీసివేసి వరుసగా రాస్తే:

మస్టర్లు రేటు * బోనస్ +

దీన్ని పరపద పద్ధతి అనవచ్చు. పోలండు తార్కికుడు లుకాసీవిచ్ 1920లలో చిహ్నాన్ని ముందు పెట్టే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని తిరగేస్తే ఇది వస్తుంది. కుండలీకరణాలు అవసరం లేకపోవడం దీని సుగుణం. 1970 ప్రాంతంలో ఛార్లెస్ మూర్ తయారుచేసిన ఫోర్త్ అనే భాష పూర్తిగా ఈ వరుసలోనే నడుస్తుంది.

యంత్రం దీన్ని ఎలా చదువుతుందో చూడండి. విందులో విస్తరాకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి తీస్తూ పోతారు. అలాగే యంత్రం ఒక దొంతర పెట్టుకుంటుంది. మస్టర్లు 26, రేటు 400, బోనస్ 500 అనుకుందాం (ఈ సంఖ్యలు ఉదాహరణకే). 26ను దొంతర మీద పెట్టు. 400ను దాని మీద పెట్టు. గుణకారపు గుర్తు రాగానే పైనున్న రెండింటినీ తీసి హెచ్చించి, 10400ను తిరిగి పెట్టు. 500 పెట్టు. కూడిక గుర్తు రాగానే రెండూ తీసి కలిపి 10900 పెట్టు. ఎక్కడా వెనక్కి చూడనవసరం లేదు. ఫోర్ట్రాన్ వంటి భాషలలో మీరు గుర్తును నడుమ రాసినా, ఎన్నో కంపైలర్లు లోలోపల ముందుగా ఇటువంటి వరుసలోకే మార్చుకుంటాయి. 1961లో బరోస్ సంస్థ ప్రకటించిన బి5000 యంత్రాన్ని ఆల్గాల్ కోసం ఈ దొంతర పద్ధతిలోనే నిర్మించారు. అంటే తెలుగువాడు సహజంగా లెక్క చెప్పే వరుస యంత్రానికి పరాయిది కాదు. ఇది కూడా వంశం కాదు, పోలికే. కాని పనికివచ్చే పోలిక.

ఇంగ్లీషు సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. 1989లో ప్రమాణీకరించిన సి భాషలో నేర్చుకోవలసిన ప్రత్యేక పదాలు 32. పెళ్ళి పత్రికలో అంతకంటే ఎక్కువ మాటలు ఉంటాయి. కష్టం అక్కడ లేదు. పుస్తకాలు, తప్పు జరిగినప్పుడు యంత్రం చూపే సందేశాలు ఇంగ్లీషులో ఉండటం అసలు కష్టం. వాటిని చదవడం సాధన చేయాల్సిందే. పేర్లు మాత్రం ఇప్పుడు మీ ఇష్టం. పైథాన్ 3 వంటి భాషలలో కూలి, మస్టర్లు అని తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు. తెలుగు లిపికి యూనికోడ్‌లో స్థానం ఉండటం వల్ల ఇది వీలయింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల గోండి లిపి కూడా 2018లో యూనికోడ్‌లో చేరింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

మస్టర్లు × (రేటు + అలవెన్సు) అనే లెక్కను ముందుగా ఒక తెలుగు వాక్యంగా చెప్పండి. ఆ వాక్యంలోని వరుస మార్చకుండా పరపద పద్ధతిలో రాయండి. మస్టర్లు 26, రేటు 400, అలవెన్సు 50 అనుకుని, ప్రతి మెట్టులో దొంతర మీద ఏముందో కాగితం మీద బొమ్మ గీయండి. చివరన 11700 మిగలాలి. మరొక సంఖ్య మిగిలితే, కూడికకు ముందే హెచ్చవేత చేసి ఉంటారు. మీ తెలుగు వాక్యాన్ని బయటికి చదివి, ఏ క్రియ ముందు వచ్చిందో చూసుకోండి.